టెలిగ్రామ్‌కి తాపీ నేర్పిన కథ

నడీన్ గోర్ట్జెన్ తన జన్మలో నెమ్మదిగా చేసిన పని ఏదైనా ఉందా అని ఊళ్ళో ఎవరినడిగినా, కాసేపు ఆలోచించి, పెళ్ళికి ఒప్పుకోవడం ఒక్కటే అంటారు. అందులోనూ ఆవిడ తప్పేం లేదు. మెర్ల్ గోర్ట్జెన్ నోరు తెరిచి అడగడానికే అంత కాలం పట్టింది.

కాన్సాస్‌లో ఆ చుట్టుపక్కల గోధుమ చేలు తప్ప మరేం లేవు. మనుషులూ ఆ పైరుకి తగ్గట్టే ఉంటారు. పొద్దున పలకరిస్తే మధ్యాహ్నం జవాబు చెబుతారు. అలాంటి చోట నడీన్ ఎలా పుట్టిందో దేవుడికే తెలియాలి. బడి వంటశాలలో ఆవిడ ఉద్యోగం. తోటి వాళ్ళు ఆప్రాన్ ముడి వేసుకునేలోగా ఈవిడ క్యాబేజీ తరిగి, మాంసం వేయించి, బన్నుల్లో కూరి, పొయ్యిలోకి తోసేసి, ఇంకా ఏం చూస్తున్నారని వాళ్ళని కసిరేది. ఆవిడ పికప్ చప్పుడు వింటే కోళ్ళు ముందే రోడ్డు దిగి నిలబడేవి. చర్చిలో పాట ఎత్తుకుంటే అందరికంటే ఒక చరణం ముందుండేది. పాస్టరుగారు చెప్పి చెప్పి విసిగిపోయి వెనక వరసలో కూర్చోబెట్టారు. ఆలస్యం అమృతం విషం అన్న మాటని నమ్మి బతికిన మనిషంటూ ఉంటే అది నడీనే.

మెర్ల్‌ది నిదానమే ప్రధానం. ఒక్కో మాటా వెనకింట్లోకి వెళ్ళి వెతికి తెచ్చినట్టు తీసుకొస్తాడు. భోజనాల బల్ల దగ్గర ఆయన ఉప్పు అడిగేలోపు నడీన్ ఉప్పు వేసి, కలిపి, తినిపించి, గిన్నెలు కడిగేసేది. అయితే ఆ నిదానానికీ ఒక రోజు వచ్చింది. ఆయన గొంతు లోతు విని, జిల్లా సంత కమిటీ వాళ్ళు మైకు చేతికిచ్చారు. అప్పటినుంచీ ఏటా ఆగస్టులో సంత జరిగినన్నాళ్ళూ పందుల వేలం దగ్గర్నుంచి గుర్రాల పోటీ దాకా చాటింపు మెర్ల్‌దే. తప్పిపోయిన పిల్లాడు కూడా మైకులో ఆయన గొంతు వింటే ఏడుపు ఆపుతాడని అక్కడ చెప్పుకుంటారు.

ఇక మూడో ప్రాణి టెలిగ్రామ్. ఎర్రటి ఆడ గుర్రం, నల్ల జూలు, పొడుగు కాళ్ళు. పేరు నడీనే పెట్టింది, వెంటనే చేరుతుందని. ఆ ఇంట్లో తన వేగంతో నడిచే ప్రాణి అదొక్కటేనని ఆవిడ నమ్మకం. బడి నుంచి రాగానే చెప్పులు మార్చుకుని దాని దగ్గరికే పోయేది. మెర్ల్‌తో చెబితే రేపటికి నవ్వే జోకులన్నీ దానితో చెప్పేది. అది వెంటనే చెవులాడించేది.

గుర్రపు స్వారీలో అక్కడ రెండు మతాలున్నాయి. ఇంగ్లీషు మతం వాళ్ళు చిన్న చదును జీను మీద కూర్చుని, రెండు చేతులా పగ్గాలు బిగించి, గుర్రం వేసే ప్రతి అంగకీ లేచి కూర్చుంటూ, పూలకుండీలు పెట్టిన కర్రకంచెలు దూకిస్తారు. పడమటి మతం వాళ్ళు ముందు కొమ్మున్న పెద్ద జీనులో కూలబడి, ఒంటి చేత్తో పగ్గం వేలాడేసి, అరుగు మీద కూర్చున్నంత సుఖంగా పోతారు. వాళ్ళకి ప్లెజర్ అని ఒక పోటీ కూడా ఉంది. ఎవరి గుర్రం తల దించుకుని, వదులు పగ్గం మీద, ఎంత నిదానంగా, ఎంత హాయిగా పోతోందో చూసి రిబ్బను ఇస్తారు. నిదానానికి రిబ్బనండీ! నడీన్ దాన్ని చూసినప్పుడల్లా, ఇదేం పోటీ, శవయాత్రకి బహుమతి ఇచ్చినట్టుంది అనేది. జిల్లా మొత్తం పడమటి మతమే. ఇంగ్లీషు మతానికి ఆవిడ ఒక్కతే దిక్కు.

కిందటి అక్టోబరులో వాన వెలిసిన సాయంత్రం, ఇంటి వెనక మైదానంలో కంచె దూకిస్తుంటే బురదలో టెలిగ్రామ్ కాలు జారింది. గుర్రం లేచింది, నడీన్ లేవలేదు. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో మేకులు కొట్టి అతికించారు. చలికాలమంతా ఆవిడ చేతికర్ర పట్టుకుని, కుంటడంలోనూ ఊళ్ళో అందరికంటే వేగంగా కుంటింది. డాక్టరు మాత్రం తెగేసి చెప్పాడు. దూకడాలు ఇక ఈ జన్మకి లేవు. జీనులో లేచి కూర్చునే పనీ లేదు. కుదుపు లేకుండా, కూర్చున్న చోటే కూర్చుని పోతానంటే చూద్దాం, లేదంటే గుర్రం మాట మరిచిపోవాలి.

మెర్ల్‌కి మరిచిపోవడమే నచ్చింది. ఎన్నడూ లేనిది ఆయనే ముందు నోరు తెరిచాడు. విచిటాలో పిల్లలకి స్వారీ నేర్పే కారొలిన్ హావర్టీ అనే ఆవిడ ఎప్పటినుంచో టెలిగ్రామ్‌ని అడుగుతోంది. మంచి మనిషి, మంచి కొట్టం, గుర్రానికి ఏ లోటూ రాదు, ఇచ్చేద్దామన్నాడు. నడీన్ అరిచింది, అలిగింది, గిన్నెలు విసిరింది. మెర్ల్ కదల్లేదు. చివరికి ఆవిడే ఒక మెట్టు దిగింది.

"సరే. నిదానంగా పోయే గుర్రమే కదా కావాలి? దీన్ని ప్లెజర్ గుర్రంగా మారుస్తాను. ఆగస్టు సంతలో నేనే ఎక్కి పోటీలో తిప్పుతాను. ఒక్కసారి నా చెయ్యి దాటిందా, ఆ సాయంత్రమే కారొలిన్ బండి ఎక్కిస్తాను. దాటకపోతే మళ్ళీ దాని ఊసెత్తకూడదు."

మెర్ల్ ఆ రాత్రంతా ఆలోచించి తెల్లారి కాఫీ దగ్గర సరేనన్నాడు. సంతరోజున బండి తీసుకుని రమ్మని కారొలిన్‌కి కూడా కబురు వెళ్ళింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదు, గుర్రానిదైతే ఏం, మనిషిదైతే ఏం, ఇది అయ్యే పని కాదని ఊరంతా తేల్చేసింది.

నేర్పే బాధ్యత ట్వైలా ష్రాగ్ తీసుకుంది. ఎనభై దాటిన ముసలమ్మ. ఒకప్పుడు ఆ జిల్లాలో ప్లెజర్ గుర్రమంటే ఆవిడ చేతిలోంచి వచ్చిందే. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక, తన పాత పికప్‌ని మైదానం మధ్యకి తోలుకొచ్చి, అద్దం దించి, పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, పొట్టు బయటికి ఉమ్ముతూ, సీట్లోంచే పాఠం చెప్పేది.

మొదటి పాఠం పగ్గం వదలడం. నడీన్ వదిలింది. టెలిగ్రామ్ సంతోషంగా తల దించి, గిరుక్కున తిరిగి, కొట్టంలోకి పోయి దాణా తొట్టి ముందు నిలబడింది, నడీన్‌తో సహా. మళ్ళీ తీసుకొచ్చారు, మళ్ళీ వదిలారు, మళ్ళీ కొట్టమే. ట్వైలా పొట్టు ఉమ్మి, తప్పు దానిది కాదని చెప్పింది. ఇంగ్లీషు గుర్రానికి పగ్గం బిగిస్తే పని మొదలు, వదిలితే పని అయిపోయినట్టు. ఇన్నేళ్ళూ అలా నేర్పింది నడీనే. ఆఫీసు గంట కొట్టాక ఎవరైనా ఇంటికి పోరా?

రెండోది కాళ్ళ సంగతి. ఇంగ్లీషు మతంలో కాళ్ళు ఎప్పుడూ గుర్రం డొక్కల్ని అదిమే ఉండాలి. ఇక్కడేమో కాలు తగిలిందంటే ఏదో అడిగినట్టు. అడగనప్పుడు తాకకూడదు. నడీన్ తాకకుండా ఉండలేకపోయేది. ఆవిడ అదుముతుంది, గుర్రం వేగం పెంచుతుంది, పెంచిందని ఆవిడ తిడుతుంది. మూడోది లేచి కూర్చునే అలవాటు. వద్దంటే వద్దని డాక్టరు చెప్పినా ఒళ్ళు వింటేగా. ఒకరోజు అలవాటుకొద్దీ లేచి కూర్చునేసరికి చొక్కా అంచు జీను కొమ్ముకి తగులుకుని గుండీలన్నీ టపటపా ఊడిపోయాయి. ఆ అవతారంలోనే ఆవిడ మైదానమంతా చుట్టి రావాల్సి వచ్చింది. కంచె దగ్గర మెర్ల్ ముఖం పక్కకి తిప్పుకుని టోపీ చాటున నవ్వుకున్నాడు. ఆయన రోజూ సాయంత్రం వచ్చి ఆ కంచెకి ఆనుకుని నిలబడేవాడు. ఎందుకొచ్చావని ఆవిడ అడిగితే భోజనానికి పిలవడానికి అనేవాడు. భోజనం వండాల్సింది నడీనే.

ట్వైలా దగ్గర మందు ఒకటే. గుర్రం తొందరపడితే లాగొద్దు, తిట్టొద్దు, చిన్న సున్నాలో తిప్పు. నెమ్మదించిందా, పగ్గం వదిలి తిన్నగా పోనియ్యి. తొందరపడితే శ్రమ, తాపీగా పోతే సుఖం, అది దానికదే లెక్క కట్టుకుంటుంది. వసంతమంతా టెలిగ్రామ్ సున్నాలు చుట్టింది. దానికి విసుగు రాకముందే నడీన్‌కి కళ్ళు తిరిగాయి. ఇది మొండిది, దీనికి ఎక్కదు అని ఒకరోజు దిగిపోబోతే, ట్వైలా కిటికీలోంచి వేలు చూపించింది.

"గుర్రానికి ఏ రోగమూ లేదు పిల్లా. నీ కాళ్ళు వాగుతూనే ఉన్నాయి. నీ నోరు ఎలాగూ ఆగదు, కనీసం కాళ్ళనైనా నోరు మూసుకోమను."

ఆ మాట నడీన్‌కి చురుక్కున తగిలింది. ఆ పూట పంతానికి కాళ్ళు కట్టెల్లా వేలాడేసి, పళ్ళు బిగించి కూర్చుంది. టెలిగ్రామ్ రెండు సున్నాలు చుట్టింది. తర్వాత ఏమనుకుందోగాని పెద్దగా ఒక నిట్టూర్పు విడిచి, మెడ కిందికి దించి, జాగ్ అందుకుంది. జాగ్ అంటే ఏం లేదు, పరుగుకి నిద్రమత్తు వస్తే ఎలా ఉంటుందో అది. కాఫీ కప్పు పట్టుకుని కూర్చోవచ్చు. కంచె వెంట అలా ఒక చుట్టు చుట్టి వచ్చింది. ట్వైలా నమలడం ఆపింది.

నడీన్ దిగాక దాని మెడ పట్టుకుని ఏడ్చింది. సంతోషం కొంతే. తన వేగంతో నడిచే ప్రాణి అని కదా దీన్ని ఇంతగా ప్రేమించింది. దాన్ని దక్కించుకోవడానికి ఆ వేగాన్నే తన చేతులతో తీసేస్తోంది. ఈ సంగతి ఎవరితో చెప్పుకోవాలో తెలియక గుర్రంతోనే చెప్పింది. అది ఆవిడ జేబులో క్యారెట్ వెతుక్కుంది.

జూన్‌లో గోధుమ కోతలు మొదలయ్యాయి. ఊరంతా పొట్టుధూళి. ట్వైలాకి ఏటా ఆ ధూళి పడదు. ఈసారి గొంతు పూర్తిగా మూసుకుపోయింది. పోటీలో మైకులో పిలుపు వినబడుతుంది, నడక అంటే నడవాలి, జాగ్ అంటే జాగ్, లోప్ అంటే ఇంకొంచెం ఊపున్న పరుగు. గుర్రానికి ఆ చాటింపు అలవాటు కావాలి, మరి పిలిచేదెవరు? కంచెకి ఆనుకుని ఖాళీగా నిలబడ్డ మనిషి ఉండనే ఉన్నాడు. ఏటా పోటీలో పిలిచేదీ ఆయనే. నడీన్ ఆజ్ఞాపించింది, మెర్ల్ పిలవడం మొదలుపెట్టాడు.

ఆయన పిలుపు సంగతి చెప్పాను కదా. ఆ గొంతు కడుపులోంచి బయల్దేరి, తీరిగ్గా బయటికి వస్తుంది. మొదట కొన్నాళ్ళు ఆయన పిలవడం, నడీన్ కాలితో అడగడం, గుర్రం చేయడం. ఆ తర్వాత గుర్రం లెక్క కట్టుకుంది. ఆవిడ కాలిని పట్టించుకోవడం కంటే కంచె దగ్గర పెద్దమనిషి మాట వినడం తేలిక. అక్కడ గొడవ లేదు, కోపం లేదు, రోజూ అదే గొంతు, అదే వరస. మెర్ల్ జాగ్ అనేలోపే అది జాగ్‌లో ఉండేది. నడీన్ ఏమో తన కాలు అంత సున్నితంగా తయారైందని మురిసిపోయేది.

ట్వైలా ఒక్కతే కనిపెట్టింది. గుర్రాన్ని ఒకే గొంతుకి కట్టేయకూడదని ప్లెజర్ వాళ్ళకి అందరికీ తెలిసిన సంగతి. మనిషిని మార్చండి, వరస మార్చండి అని చెప్పాలని పికప్‌లోంచి రెండు చేతులూ తెగ ఊపింది. ఈగలు ముసురుతున్నాయేమో పాపం అనుకుని మెర్ల్ వెళ్ళి కిటికీ అద్దం ఎత్తి వచ్చాడు.

అన్నిటికంటే దానికి బాగా పట్టుబడింది ఆగడం. మెర్ల్ చివర్లో "హో" అనేవాడు, సాగదీసి. టెలిగ్రామ్ నాలుగు కాళ్ళూ నాటినట్టు నిలబడిపోయేది. మొదటిసారి అది ఆగినప్పుడు మెర్ల్ ముఖంలో ఏదో మారింది. మళ్ళీ నడిపించమని, మళ్ళీ హో అన్నాడు. మళ్ళీ ఆగింది. ఆ పూట భోజనానికి పిలవడం మరిచిపోయి చీకటి పడేదాకా దాన్ని ఆపుతూనే ఉన్నాడు.

ఆగస్టు వచ్చింది. సంత అలంకరణ ఆడవాళ్ళ కమిటీది. అందులో నడీన్ లేకపోతే పని జరగదు, ఉంటే ఇంకొకళ్ళకి పని మిగలదు. పోటీ మైదానం మధ్యలో న్యాయనిర్ణేత నిలబడే చోటు ప్రతి ఏడూ బోడిగా ఉంటోందని ఎవరో అన్నారు. నడీన్ ముందురోజు సాయంత్రం బరబరా నాలుగు పెట్టెలు ఈడ్చి, వాటి మీద తెల్ల రంగు పలకలు అడ్డంగా పేర్చి, రెండు వైపులా ఎర్ర పెటూనియా కుండీలు పెట్టింది. చూసిన వాళ్ళంతా ఎంత బాగుందో అన్నారు. బాగుండక ఏం, ఆవిడ ఇన్నేళ్ళుగా చూసి మురిసిన అందం అదే. అచ్చంగా ఇంగ్లీషు మతం వాళ్ళు గుర్రాన్ని దూకించే కంచెని తెచ్చి ప్లెజర్ మైదానం మధ్య నిలబెట్టింది. ఆ జిల్లాలో అది గుర్తుపట్టగలిగిన మనుషులు ఇద్దరు. ఒకరు ట్వైలా, ఆవిడ ఆ పూట గొంతు డాక్టరు దగ్గరుంది. రెండోది నడీన్, ఆవిడకి పూలు తప్ప ఏమీ కనబడలేదు. మూడో ప్రాణిని ఎవరూ అడగలేదు.

పోటీ రోజున ఎండ నిప్పులు చెరిగింది. నడీన్ ట్వైలా ఇచ్చిన పాత టోపీ, తళుకుల చొక్కా వేసుకుని, పళ్ళెమంత బిళ్ళ ఉన్న బెల్టు పెట్టుకుని ఆ బరువుకి కాస్త ముందుకి వంగి, గుర్రమెక్కింది. కంచె అవతల కారొలిన్ హావర్టీ ఖాళీ బండి తెచ్చి నీడలో ఆపుకుంది. చేతిలో నిమ్మరసం. నడీన్‌ని చూసి ప్రేమగా చెయ్యి ఊపింది. ఆ బండి తలుపు తెరిచి ఉండటం నడీన్ కంటపడింది. పగ్గం సర్దుకుని గుర్రాన్ని గేటు వైపు తిప్పింది.

పైన చెక్క మంచె మీద మెర్ల్ మైకు పట్టుకున్నాడు. అక్కడి నియమం ప్రకారం న్యాయనిర్ణేత చెప్పిన పిలుపు తప్ప చాటింపు చేసేవాడు ఇంకో మాట అనకూడదు. బయటివాళ్ళెవరూ గుర్రానికి సాయం చేయకూడదు. మెర్ల్‌కి ఆ నియమాలు కంఠతా వచ్చు, ఏటా మొదట చదివి వినిపించేది ఆయనే.

నడక అన్నాడు. టెలిగ్రామ్ నడిచింది. జాగ్ అన్నాడు. తల దించుకుని, పగ్గం జీరాడుతుంటే, కళ్ళు సగం మూసుకుని జాగ్ చేసింది. జనం మాటలు ఆపి చూశారు. లోప్ అన్నాడు. ఊపుతో, కుదుపు లేకుండా, ఉయ్యాల మీద కూర్చోబెట్టినట్టు తీసుకెళ్ళింది. నడీన్‌కి తుంటి నొప్పే తెలియలేదు. న్యాయనిర్ణేత, పొరుగు జిల్లా నుంచి వచ్చిన బక్కపలచని పెద్దాయన, పూలకుండీల పక్కన నిలబడి మెడ తిప్పి మరీ ఆవిణ్ణి చూశాడు. చూస్తే రిబ్బను కూడా వచ్చేటట్టుంది. గొంతు కాస్త నయమై వచ్చిన ట్వైలా అప్పుడే కంచె దగ్గరికి చేరింది. మైదానం మధ్యకి చూసి, ఓరి దేవుడా, ఆ కంచె అక్కడ పెట్టిన మహాతల్లి ఎవరు అని గొణిగింది.

దిశ మార్చమన్న పిలుపు వచ్చింది. గుర్రాలన్నీ లోపలివైపుకి తిరిగి, వచ్చిన దారినే వెనక్కి పట్టాయి. తిరగడంలో టెలిగ్రామ్‌కి మైదానం నడిమధ్య ఎదురుగా కనబడింది. తెల్ల పలకలు, అటూ ఇటూ ఎర్ర పూలు. చెవులు రెండూ నిక్కబొడుచుకున్నాయి. నెలల తరబడి దించుకున్న తల ఒక్కసారిగా లేచింది. పాపం, ఈ సున్నాలూ ఈ నిద్రమత్తూ అన్నీ దేనికోసమో దానికి అప్పుడర్థమైంది కాబోలు. అంతలో మైకులో రెండోసారి లోప్ వినబడింది.

అది వరస వదిలి తిన్నగా మధ్యకి పోయింది. ప్లెజర్ పరుగు కాదది. భయంలో మనిషికి కొత్త పాఠాలు గుర్తుంటాయా? నడీన్ రెండు చేతులా పగ్గాలు అందుకుని బిగించింది. కాళ్ళు డొక్కల్ని గట్టిగా అదిమాయి. జీనులోంచి ఒళ్ళు దానంతటదే పైకి లేచింది. ఆగమని అడుగుతున్నాననుకుంది. టెలిగ్రామ్ నేర్చుకున్న పాత భాషలో ఆ మూడూ కలిస్తే ఒకటే అర్థం, దూకు అని. అది ఇంకా హుషారుగా అంగ సాచింది. న్యాయనిర్ణేత టోపీ పట్టుకుని కుండీల చాటున కూర్చుండిపోయాడు.

"హో... టెలిగ్రామ్. హో..."

మైకులోంచి వచ్చింది. ఏ కంగారూ లేని గొంతు, ఇంటి వెనక మైదానంలో సాయంత్రాలు వినబడే గొంతే. టెలిగ్రామ్ నాలుగు కాళ్ళూ తన్నిపెట్టి ఆగింది. అదొక్కటే కాదు, ఆ మైదానంలో ఉన్న గుర్రాలన్నీ పుట్టినప్పటినుంచీ ఆ ఒక్క మాట విని పెరిగినవే, అన్నీ ఎక్కడివక్కడ ఆగాయి. ఒకాయన జీను వదిలి గుర్రం మెడ మీదికి పోయి కౌగిలించుకున్నాడు. పక్క మైదానంలో బండి లాగుతున్న కంచరగాడిద కూడా ఆగిందంటారుగాని, దానికి నేను పూచీ పడను. నడీన్ కొమ్ము పట్టుకుని జీనులోనే ఉంది. టెలిగ్రామ్ ముక్కు కింద పెటూనియా కుండీ ఉంది. అది ఒక పువ్వు కొరికి నమలసాగింది.

న్యాయనిర్ణేత లేచి ప్యాంటు దులుపుకున్నాడు. మర్యాదస్తుడు. అమ్మా, గుర్రం బాగుంది, కానీ బయటి సాయం అందింది కాబట్టి తమరు మైదానం వదలాలి అన్నాడు. నడీన్ తలూపి బయటికి వచ్చింది. జనం నవ్వారు, చప్పట్లు కూడా కొట్టారు. ఆవిడకి ఏవీ వినబడలేదు. గేటు దాటగానే దిగి, కారొలిన్ బండి దగ్గరికే గుర్రాన్ని నడిపించి, జీను పట్టెడ విప్పడం మొదలుపెట్టింది. బిళ్ళ ఒక పట్టాన ఊడి రాలేదు. మాట ఇచ్చింది, చెయ్యి దాటింది, ఇక చెప్పేదేముంది. కారొలిన్ మాత్రం పొంగిపోతోంది. ఆ పూలు చూడగానే ఎత్తిన చెవులు చూశారా, ఇంకా పదేళ్ళు దూకగలదు అంటోంది. పాపం ఆవిడకి ఎదురుగా ఉన్న మనిషి కన్నీళ్ళు ఇంకా కనబడలేదు.

మంచె మెట్లు దిగి మెర్ల్ వచ్చాడు. ఆయన ఆ దూరం నడిచి రావడానికి పట్టిన సేపట్లో నడీన్ జీను దించేసింది, దాని కింది గుడ్డ తీసేసింది, తలకి తాడు కట్టేసింది.

"ఇవ్వడం లేదండీ," అన్నాడు కారొలిన్‌తో.

"ఊరందరికీ తెలిసి మాటిచ్చాం మెర్ల్," అంది నడీన్. "చెయ్యి దాటితే పంపిస్తామన్నాం. దాటింది. నాకు దయలేం వద్దు."

మెర్ల్ ఎప్పట్లాగే ఆగాడు. అందరూ ఆయనతో పాటు ఆగాల్సి వచ్చింది.

"నీ చెయ్యి దాటింది. నా మాట దాటలేదు," అన్నాడు. "పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో నేను ఆగమంటే ఆగిన ప్రాణి ఇదొక్కటే. దీన్ని పంపించుకుంటానా?"

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. ట్వైలా ఇంకా పూర్తిగా కుదుటపడని గొంతుతోనే కీచుగా నవ్వింది. కారొలిన్ కూడా నవ్వి, నిమ్మరసం ముగించి, ఇదేదో ఇంటి వ్యవహారమని బండి తలుపు వేసుకుంది. మెర్ల్ ఒక్కడే నవ్వలేదు. గుర్రం మెడ మీద చెయ్యి వేశాడు. నడీన్‌కి మాత్రమే వినబడేటట్టు చెప్పాడు.

"ఆ రోజు నువ్వు బురదలో పడి ఉంటే పిలిచాను. అంబులెన్సు వచ్చేదాకా పిలుస్తూనే ఉన్నా. నువ్వు పలకలేదు. ఇవాళ మళ్ళీ అదే అవుతుందనుకున్నా." టెలిగ్రామ్ జూలు సర్దాడు. "ఇవాళ పిలిస్తే ఇది పలికింది. ఇక ఎక్కడికీ పోదు. నువ్వెక్కేది మాత్రం నేను కంచె దగ్గరున్నప్పుడే."

రోజూ సాయంత్రం ఆయన కంచెకి ఎందుకు ఆనుకుని నిలబడ్డాడో ఇప్పటిదాకా తట్టనందుకు నడీన్‌కి సిగ్గేసింది. కళ్ళు తుడుచుకుని, పిల్లల పోటీ మొదలవ్వాలి, మైకు దగ్గర ఎవరూ లేరు, వెళ్ళమంది. ఆయన తన అడుగులు తను వేసుకుంటూ మంచె వైపు పోయాడు.

ఆవిడ గుర్రం తాడు పట్టుకుని, ఏం చేయాలో తోచక, బండి నీడ పోయిన చోట ఎండలో నిలబడింది. కాసేపటికి మైకు గరగరమంది. మెర్ల్ గొంతు సవరించుకుని, పిల్లలకి తీరిగ్గా నడక అన్న పిలుపు ఇచ్చాడు. వినగానే టెలిగ్రామ్ జీను లేని ఒంటితో, తల దించుకుని, నడక మొదలుపెట్టింది. నడీన్ తాడు లాగలేదు. ఆవిడ కూడా దాని పక్కన నడిచింది.